ఎలుక బల్ల

మా ఊళ్లో దీన్ని కాఫీ బల్ల అనరు,
ఎలుక బల్ల అంటారు.
సోఫా ముందు పొట్టిగా నక్కి ఉంటుందనో,
చీకట్లో పిక్కల్ని కొరుకుతుందనో
నాకు తెలీదు.
దాని మీద ఎవరూ కాఫీ పెట్టరు కూడా.
మాతే ఆకు నానేసిన సొరకాయ బుర్ర, వేణ్ణీళ్ల ఫ్లాస్కు,
విల్మార్ కళ్లజోడు, నా ఖర్చుల పుస్తకం.
మోంటెవీడియోలో ఏ ఇంట్లోనైనా
ఎలుక మోసే బరువు ఇంతే.

మా పాతది గాజుది.
ఆఖరి నిమిషం గోలుకి విల్మార్
అరవై ఎనిమిదేళ్లూ వెంటేసుకుని పైకెగిరాడు.
దిగడం బల్ల మీద దిగాడు.
గోలు చెల్లదన్నారు తర్వాత.
బల్లకి మాత్రం చెల్లిపోయింది.

రెండు నెలలు ఆ చోటు ఖాళీ.
అయినా ఇద్దరం దాని చుట్టే తిరిగి వెళ్లాం,
లేని మూలకి మోకాలు తగలకుండా
పక్కకి ఒరిగి.
ఆఖరికి నేనే పాత పేపర్లు అతికించి
నేల మీద ఒక బల్ల పరిచాను,
రెండు మూరల పొడవు, మూరంబావు వెడల్పు.
పెద్దదన్నాడు. మడిచాను.
చిన్నదన్నాడు. విప్పాను.
పిల్లి వచ్చి వార్తల మీద పడుకుంది.
దానికి సరిపోయింది.

ఆదివారం త్రిస్తాన్ నర్వాహా సంతకి పోయాం.
ఒంటి చెవి కుండీలు, రేడియోల పేగులు,
ఎవరివో పెళ్లి ఫోటోలు.
పాలరాతి బల్ల మీద చెయ్యి వేస్తే
బ్యాంకు మేనేజరుకి చెయ్యి కలిపినట్టుంది.
చక్రాలది వద్దన్నాను.
చక్రాలున్నదేదీ ఇంట్లో నిలవదు,
ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాణ్ణి కట్టుకుని
నేర్చుకున్న సంగతి.
సొరుగున్నది విల్మార్‌కి నచ్చింది.
సొరుగంటే ఏమిటో నాకు తెలుసు,
చచ్చిన బ్యాటరీల శ్మశానం.

రెండు దాటాక, అరాక్సీ అనే పెద్దావిడ కొట్లో,
గుండ్రంగా, ముదురు చెక్కది.
నడిమధ్యన ఎవరిదో గిన్నె అడుగు కాల్చిన
నల్లటి వలయం.
"దీని అందమే అది. దానికో కథ ఉంది" అంది.
"కథ నువ్వుంచుకో, మచ్చ తీసి ఇవ్వు.
పరాయి గిన్నెల్ని నేనెందుకు మొయ్యాలి?
మా గిన్నెలు మాకున్నాయి,
కాల్చుకునే మతిమరుపూ ఉంది."
ఆవిడ నవ్వి, గరుకు కాగితం తీసి
నా ముందే రుద్దింది, ఇరవై నిమిషాలు.
పొడి ఆవిడ నల్ల గౌను మీద, నా బూట్ల మీద.
ధర మాత్రం కొంచెమైనా అరగలేదు.

ఇంటికొచ్చాక తేలింది,
సోఫా కన్నా బెత్తెడు ఎత్తు.
కూర్చుంటే గడ్డం కింద పళ్లెం పట్టినట్టుంది.
విల్మార్ రంపం తెచ్చాడు.
నాలుగు కాళ్లూ కోశాడు. ఒకటి పొట్టిదైంది.
మిగతా మూడూ కోశాడు. ఇంకోటి పొట్టిదైంది.
ఆగమన్నాను.
బస్సులో కూడా ఆ మాట అతనికి వినపడేది కాదట.
సాయంత్రానికి బల్ల
నిజంగానే ఎలుకంత అయింది.
కానీ నాలుగు కాళ్లూ ఒక్కసారే నేలకి ఆనాయి.
అప్పుడతని మొహం చూడాలి.

సోఫాలోంచి వంగితే అందదు.
అందుకని కింద కూర్చున్నాం,
నలభై ఒక్కేళ్ల కాపురంలో మొదటిసారి,
బాసింపట్టు కుదరక
కాళ్లు అటోటి ఇటోటి చాపుకుని.
మొదటి చేదు గుటక అలవాటుగా తనే తాగి
బుర్ర మళ్లీ నింపి నాకిచ్చాడు.
ఇక్కణ్ణుంచి కిటికీలో వీధి కనపడదు.
ఎదురు మేడ మీద ఆరేసిన దుప్పట్లు,
వాటిని లాగుతున్న నది గాలి.
సోఫా అడుగున, నిరుడు పోయిన నా చెవి కమ్మ.

లేవడం దగ్గరొచ్చింది చిక్కు.
బల్ల మీద చెయ్యి మోపాడు, నా భుజం మీద మోపాడు,
నేనతని బెల్టు పట్టుకున్నాను.
లేచేసరికి ఇద్దరికీ ఆయాసం, ఇద్దరికీ నవ్వు.
బల్ల మీద ఫ్లాస్కు అడుగు తడి,
గుండ్రంగా.
తుడవబోయాను.
"ఉండనీ" అన్నాడు.
తుడిచేశాను.
రేపు ఇంకోటి పడుతుందిలే.